అమ్మబోతే అడవి... నాన్నగారి వెండి రూపాయలకీ, హెచ్‌ఎంటీ వాచీకీ మరీ ఇంత దారుణంగా అడుగుతున్నారేంటండీ?

జలఉష · ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పుంటే ఏమనుకోకండి. మాది వైజాగ్ సీతమ్మధార. నాన్నగారు షిప్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యారు, పోయినేడాది కాలం చేశారు. ఇప్పుడు ఇల్లు మారుతుంటే ఆయన ట్రంకు పెట్టె తీశాం. అందులో జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయలు 14, ఆయన రోజూ పెట్టుకున్న హెచ్‌ఎంటీ పైలట్ వాచీ, స్టాంపుల ఆల్బమ్, 1965 నాటి జల ఉష షిప్ స్టాంపు ఉన్న ఫస్ట్ డే కవర్ (స్టాంపు విడుదలైన రోజే దాన్ని అంటించి ముద్ర వేసిన కవరు) ఒకటి ఉన్నాయి. కొత్త ఫ్లాట్‌లో చోటు లేదు, పిల్లలకి ఇంట్రెస్ట్ లేదు, సరే ఇష్టం ఉన్నవాళ్ళకి ఇద్దామని ఆన్‌లైన్‌లో పెట్టా.

పెట్టిన పది నిమిషాలకి మొదలైంది. "లాస్ట్ ప్రైస్?" హలో లేదు, అండీ లేదు, అంతే. రూపాయి ఒక్కోటి 2200 పెడితే ఒకాయన 300 అన్నాడు. ఇంకో అబ్బాయి మొత్తం 14 కలిపి 3000 ఇస్తాడట, "ఇప్పుడే వస్తా, లొకేషన్ పెట్టండి" అని. వాచీ 6000 పెడితే 700. ఇంకొకాయన డబ్బులు కాదు, బ్లూటూత్ స్పీకర్ ఇస్తా మార్చుకుందాం అన్నాడు!! కవర్‌కి 1500 పెట్టా, దానికి 50 అన్నారు. 50 రూపాయలకి రైతుబజార్లో ఏమొస్తుందండీ ఇప్పుడు. దానికి మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఆయన్ని బ్లాక్ చేసేశా.

మీరంతా ఇలాంటివి ఎలా తట్టుకుంటారు? తిట్టాలా, ఊరుకోవాలా, రేటు తగ్గించాలా?

---

బీచ్‌రోడ్_బన్ను · ఆదివారం రాత్రి 10:05

అక్కా వెల్కమ్ టు ద క్లబ్ 😂 నేను హాట్‌వీల్స్ బొమ్మ కార్లు అమ్ముతుంటా. ఒక సూపర్ ట్రెజర్ హంట్ ఉంది, అంటే అరుదుగా దొరికే రకం, రబ్బరు టైర్లు, మెరిసే పెయింటు, కారు మీద టీహెచ్ లోగో, ప్యాకింగ్ కార్డు ఒక్క మడత కూడా లేదు. దానికి ఒకడు "బ్రో పూర్ణా మార్కెట్‌లో బొమ్మ కారు 60 కి వస్తుంది" అని మెసేజ్. నేను వెంటనే "అయితే అక్కడే కొనుక్కో బ్రో, నాక్కూడా ఒకటి తే" అన్నా. ఆ తర్వాత అరగంట వాడితో తిట్లే తిట్లు, డ్యూటీ టైంలో. అమ్మిందీ లేదు కొన్నదీ లేదు.

---

కాయిన్స్‌బాబాయ్ · ఆదివారం రాత్రి 10:31

అమ్మా జలఉష, ముందు ఆ రూపాయల సంగతి చూద్దాం, కోపం తర్వాత పడొచ్చు. నేను నలభై ఏళ్ళుగా ఇవి పోగేస్తున్నా.

ఒక్కో రూపాయి మీద సంవత్సరం ఏముందో చూసి రాయి. ఎందుకంటే 1939 వరకూ వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 వంతులు వెండి, అంటే నికరంగా 10.69 గ్రాముల వెండి. 1940 నుంచి 45 దాకా వచ్చినవాటిలో వెండి సగమే. 1947 ది పులి బొమ్మ ఉంటుంది, అందులో వెండి అసలు లేదు, నికెల్. ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్ తీసి పెట్టి చూడు, నికెల్‌ది అతుక్కుంటుంది, వెండిది అతుక్కోదు. చాలామంది జార్జి రాజు కనబడితే చాలు అన్నీ వెండే అనుకుని రేటు పెట్టేస్తారు.

ఇప్పుడు లెక్క. సులువుగా ఉంటుందని గ్రాము వెండి 100 అనుకుందాం, అసలు రేటు ఆరోజు పేపర్లో చూసుకో. 100 వేసుకున్నా ఒక్క రూపాయిలో వెండే 1069 ఉంటుంది. 300 అడిగినవాడు నీ కాయిన్‌కి రేటు కట్టలేదు, నీకు తెలీదేమోనని రాయి విసిరి చూశాడు. కరిగించినా వచ్చే డబ్బుకన్నా తక్కువ అడిగితే దానికి జవాబు రాయడం కూడా దండగ. ఆ పైన ఎంత అన్నది సంవత్సరం, మింటు (అచ్చేసిన టంకశాల), అరుగుదల మీద ఉంటుంది. 1917, 18 వి కుప్పలుగా దొరుకుతాయి. 1911 ఉందేమో భూతద్దం పెట్టి చూడు. ఆ ఏడాది రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని గొడవై ఆపేశారు, మరుసటి ఏడాది మార్చి గీశారు. అది ఉంటే మాత్రం ఇక్కడ చెప్పు, ఎక్కడా పెట్టకు.

---

జలఉష · ఆదివారం రాత్రి 11:20

బాబాయ్ గారూ చాలా థాంక్స్. మా అబ్బాయి ఫోన్ జూమ్ పెట్టి చూశాడు. 1911 లేదు 😞 1912 రెండు, 1913 ఒకటి, 1916 ఒకటి, 1917 మూడు, 1918 అయిదు, 1920 ఒకటి. ఒకటి పులి బొమ్మ 1947, మీరన్నట్టే మాగ్నెట్‌కి టక్కున అతుక్కుంది. అంటే వెండివి 13 ఏ. దానికి కూడా 2200 పెట్టేశా నేను, సిగ్గేసింది.

ఇంకో విషయం, ఫోటోలో మెరవాలని నాలుగు కాయిన్లు చింతపండుతో తోమా. తళతళలాడుతున్నాయి.

---

కాయిన్స్‌బాబాయ్ · ఆదివారం రాత్రి 11:24

అయ్యో అయ్యో అయ్యో. ఎంత పని చేశావమ్మా. మిగతావి ముట్టుకోకు!! వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్లటి, నీలపు ఛాయ చూసే కలెక్టర్ డబ్బులిస్తాడు. పులుపు పెట్టి తోమితే అది పోయి సన్నగీతలు పడతాయి. ఆ నాలుగూ ఇక వెండి రేటుకే. ఇత్తడి బిందెలకి చింతపండు, కాయిన్లకి కాదు.

---

గాజువాక_గడియారం · సోమవారం ఉదయం 6:50

మేడమ్ గారూ వాచీ 700 కి ఇచ్చీకండి, దండం పెడతాను. ముందు డయల్ ఫోటో పెట్టండి, పగటి వెలుతురులో, ఫ్లాష్ వద్దు. వెనక మూత ఫోటో కూడా.

700 ఎందుకంటన్నారో సెప్తాను. హెచ్‌ఎంటీ వాచీలు 1961 లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో మొదలయ్యాయి, 2016 లో ఆ వాచీల కంపెనీ మూసీడానికి కేంద్రం ఒప్పీసుకుంది, అక్కణ్ణుంచి జనాలకి పిచ్చి ఎక్కీసింది. దాంతో పాత మిషన్లకి కొత్త డయల్ అచ్చేసి, ఎరుపు పసుపు రంగులు కూడా ఏసి, ఆన్‌లైన్‌లో తెగ అమ్మీసారు. మీకు మెసేజ్ పెట్టినోడు ఆటిని సూసొచ్చాడు, మీదీ అలాంటిదే అనుకున్నాడు. మీది మీ నాన్నగారు రోజూ కట్టుకున్నదే అయితే దాన్ని ఆటితో పోలిస్తే అవ్వదు కదేటి. ఒకటే తేడా, ఆడు సూసేది ఫోటో మాత్రమే. ఫోటోలో ఆ తేడా మీరే సూపించాలి.

---

జలఉష · సోమవారం ఉదయం 8:15

ఫోటోలు పెట్టా చూడండి. అద్దం పసుపు తిరిగింది, 4 దగ్గర గీత ఉంది, అది నాన్నగారు స్కూటర్ మీంచి కంచరపాలెం దగ్గర పడ్డప్పటిది. డయల్ మీద చుక్కలు గోధుమరంగుకి వచ్చేశాయి. కీ ఇస్తే నడుస్తోంది, రోజుకి ఒక అయిదు నిమిషాలు వెనకబడుతోంది.

---

గాజువాక_గడియారం · సోమవారం ఉదయం 8:40

అమ్మబాబోయ్ మేడమ్, ఆ గోధుమరంగు చుక్కలే మీ సాక్ష్యం. కొత్తగా అచ్చేసిన డయల్‌కి అలా రాదు, మంచి తెల్లగానో పచ్చగానో ఉంటుంది, అక్షరాలు కూడా మందంగా అలికినట్టుంటాయి. మీదాంట్లో ఎంత సన్నగా ఉన్నాయో సూడండి. అద్దం మార్పించకండి, సర్వీసు కూడా చేయించకండి, కొనేవోడు తన మేస్త్రీకే ఇచ్చుకుంటాడు. ప్రకటనలో గీత గురించి, వెనకబడ్డం గురించి మీరే రాసీండి. దాస్తే ఆడు వచ్చి చేతిలో పట్టుకుని అప్పుడు తగ్గిస్తాడు. ముందే రాసీస్తే ఆ బేరం నోట్లోనే ఆగిపోద్ది.

6000 మాత్రం కాస్త ఎక్కువే, నిజం సెప్పీయాలి కదా. 4500 పెట్టి 4000 దగ్గర గట్టిగా కూర్చోండి.

---

సగానికిసగం · సోమవారం మధ్యాహ్నం 1:10

అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా. నేను అటువైపు మనిషిని. డాబా గార్డెన్స్‌లో చిన్న షాపు, పాత సామాన్లు కాయిన్లు నోట్లు కొని అమ్ముతా. ఎవరు ఎంత పెట్టినా నేను ముందు నూటికి 40 వంతులకే అడుగుతా. ఎందుకంటే పది లాట్లు కొంటే నాలుగు వెంటనే పోతాయి, నాలుగు ఏడాది పాటు అల్మారాలో కూర్చుంటాయి, రెండు ఎప్పటికీ పోవు. పార్సిల్ ఖర్చు నాది, కస్టమర్ వెనక్కి పంపితే ఆ గొడవ నాది. మీరు చివరి కొనేవాడికి అమ్మితే వచ్చే రేటు, నాకు అమ్మితే వచ్చే రేటు ఒకటి కావు, ఎప్పటికీ కావు. ఇది దొంగతనం కాదండి.

కానీ మేడంగారికి ఒకటి చెప్పాలి. మీ ప్రకటన నేనూ చూశా. "నాన్నగారి వస్తువులు, వీటి గురించి మాకు పెద్దగా తెలీదు, ఇల్లు మారుతున్నాం, త్వరగా ఇచ్చేయాలి" అని రాశారు కదా. ఈ మూడు ముక్కలూ మాలాంటోళ్ళకి పెళ్ళి భోజనం పిలుపు లాంటివి. తెలీదు అంటే రేటు తెలీదని, త్వరగా అంటే ఆగలేరని. సంవత్సరాలు, బరువు, ఫోటోలు పెట్టి, ఊరికే "13 వెండి రూపాయలు, 1912 నుంచి 1920, ఒక్కోటి తూచాను" అని రాసి చూడండి. 300 అడిగేవాళ్ళు సగం మంది మాయమైపోతారు.

తిట్టకండి కూడా. నేను 40 అంటే మీరు "ఇంతకి అయితే ఇస్తా" అని ఒక్క మాట అంటే 70 కి వస్తా. "సిగ్గులేదా" అంటే ఫోన్ పక్కన పడేసి ఇంకోళ్ళకి మెసేజ్ పెట్టుకుంటా.

---

బీచ్‌రోడ్_బన్ను · సోమవారం మధ్యాహ్నం 1:22

ఓహో దొరికాడు దొంగ 😂😂 అన్నా నా కార్‌కి 60 అడిగింది నువ్వేనా

---

సగానికిసగం · సోమవారం మధ్యాహ్నం 1:25

బొమ్మ కార్లు నేను ముట్టనమ్మా. అవి అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ ఇద్దరికీ ఓపికలుండవు

---

స్టీల్‌సిటీ_శేషు · సోమవారం సాయంత్రం 5:48

ఇక్కడే అడుగుతున్నా, నా దగ్గర వైష్ణోదేవి 5 రూపాయల కాయిన్ ఉంది, వీడియోలో 10 లక్షలు అంటున్నారు, ఒకాయన కొంటానని కాల్ చేసి ఆర్‌బీఐ సర్టిఫికెట్ కోసం ముందు 2100 కట్టమన్నాడు. నా కాయిన్‌కి ఎంత రావచ్చు?

---

మోడరేటర్ · సోమవారం సాయంత్రం 6:02

శేషు గారూ ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఆ కాయిన్ 2012 లో వచ్చింది, మామూలుగా చెలామణీలో ఉన్నదే, మీకు 5 రూపాయలు వస్తాయి. పాత నోట్లు కాయిన్లు కొంటామంటూ తన పేరు వాడుకుని కమిషన్లు, చార్జీలు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది, తను అలాంటి వ్యాపారం చెయ్యదని, ఎవర్నీ తన తరఫున డబ్బు వసూలు చెయ్యమనలేదని. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చెయ్యండి. ఈ చర్చ దారి మళ్ళకుండా మీ ప్రశ్నకి వేరే టాపిక్ పెట్టుకోండి.

---

జలఉష · సోమవారం రాత్రి 9:30

సగానికిసగం గారూ, మీమీద కోపం రాలేదు, నిజం చెప్పినందుకు థాంక్స్. ప్రకటన మార్చేశా. 1947 ది తీసేశా, తోమినవి నాలుగు విడిగా పెట్టా. వంటింటి త్రాసు మీద తూస్తే ఎక్కువ భాగం 11.5 కి అటూ ఇటూ వచ్చాయి, అరుగుదలేమో.

ఈరోజు ఒకాయన వచ్చాడు మెసేజ్‌లో, యూనిఫాం ఫోటో, డిఫెన్స్‌లో చేస్తున్నానని, వైజాగ్‌లోనే పోస్టింగ్ అని. బేరమే ఆడలేదు! 13 కాయిన్లకీ నేను చెప్పిన రేటే, వాచీ కూడా తీసుకుంటా అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో. అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి అని పంపాడు. రేపు వాళ్ళ మనిషి వచ్చి తీసుకెళ్తాడట.

---

సగానికిసగం · సోమవారం రాత్రి 9:33

స్కాన్ చెయ్యకండి!!!!

---

గాజువాక_గడియారం · సోమవారం రాత్రి 9:34

మేడమ్ ఆగండి ఆగండి

---

కాయిన్స్‌బాబాయ్ · సోమవారం రాత్రి 9:41

అమ్మా, డబ్బు మనకి రావడానికి స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టావంటే మన డబ్బు పోతోందని అర్థం. నలభై ఏళ్ళలో వస్తువు చూడకుండా, సంవత్సరం అడక్కుండా, రూపాయి తగ్గించమనకుండా కొన్న కలెక్టర్ని నేను చూడలేదు. మేం పరమ పిసినారులం. వాడి యూనిఫాం కూడా ఎవరి ఫోటోనో.

---

జలఉష · సోమవారం రాత్రి 10:12

అమ్మో. స్కాన్ చేశా, పిన్ అడిగింది, ఇంతలో మీ మెసేజ్ నోటిఫికేషన్ వచ్చింది, ఆపేశా. 15000 అని పడి ఉంది స్క్రీన్ మీద, "పే" అని. చేతులు వణుకుతున్నాయి ఇప్పటికీ. నంబర్ బ్లాక్ చేసి కంప్లైంట్ పెట్టా. 300 అడిగినాయన్ని తిట్టుకున్నా రెండు రోజులు, పాపం ఆయనే నయం.

---

బీచ్‌రోడ్_బన్ను · మంగళవారం ఉదయం 7:30

అక్కా ఇంకో రకం కూడా ఉంటారు, వాళ్ళతో జాగ్రత్త. ఫోన్లో 1500 కి ఓకే అంటారు. మద్దిలపాలెం రమ్మన్నాడు ఒకడు, ఎండలో నేను రుషికొండ నుంచి బండి మీద వెళ్ళా, కారు అటూ ఇటూ తిప్పి చూసి "బ్రో నా దగ్గర 900 ఏ ఉన్నాయి" అన్నాడు. అంత దూరం వచ్చాడు, ఖాళీ చేతులతో వెళ్ళడులే అని వాళ్ళ లెక్క. నేనేం మాట్లాడలా. కారు బ్యాగులో పెట్టి, జిప్ వేసి, "పర్లేదు బ్రో, జీతం వచ్చాక చెప్పు" అని బండి స్టార్ట్ చేశా. సిగ్నల్ దాటకముందే ఫోన్ మోగింది, "1500 వేశా వెనక్కి రా" అని 😎

మీరు మాత్రం వస్తువులన్నీ తీసుకుని ఎవరో చెప్పిన చోటికి వెళ్ళకండి. బ్యాంకు లోపల కలవండి, పగలు.

---

పోస్టల్_పిచ్చి · మంగళవారం మధ్యాహ్నం 2:15

ఆలస్యంగా చూశా, అనకాపల్లి నుంచి. అందరూ కాయిన్లు వాచీలేనా, ఆ కవర్ సంగతి ఎవరూ మాట్లాడరే? జలఉష గారూ దాని ఫోటో పెట్టండి, ముందూ వెనకా. ఆల్బమ్ పేజీలు కూడా ఒకటి రెండు.

---

జలఉష · మంగళవారం మధ్యాహ్నం 3:05

పెట్టానండి. ఆల్బమ్ హుద్‌హుద్ అప్పుడు కిటికీ అద్దాలు పగిలి తడిసింది, సగం పేజీలు అతుక్కుపోయాయి. కవర్ మాత్రం డైరీలో ఉండబట్టి బతికింది. కింద మూల కొంచెం గోధుమ మరకలున్నాయి. వెనకవైపు నాన్నగారు పెన్సిల్‌తో "మొదటి జీతంలో" అని రాసుకున్నారు.

---

పోస్టల్_పిచ్చి · మంగళవారం సాయంత్రం 4:20

చూశానండి. ఇది 1965 ఏప్రిల్ 5, జాతీయ నౌకాయాన దినోత్సవానికి వేసిన స్టాంపు. మన విశాఖ బొమ్మ, మన యార్డులో కట్టి 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళలోకి దించిన ఓడ. వైజాగ్ వాళ్ళకి ఇంతకన్నా సొంతమైన స్టాంపు ఉండదు.

కానీ అడిగారు కాబట్టి చెప్తున్నా, బాధపడకండి. అప్పట్లో స్టాంపులు లక్షల్లో అచ్చేసేవాళ్ళు, ఇది అరుదైంది కాదు. ఆ ఏళ్ళ కవర్లు నేను చాలా కొన్నా, మరక లేనివే తక్కువ ధరకి దొరుకుతాయి. మీదానికి సముద్రపు తేమ మరక ఉంది. పైగా వెనక పెన్సిల్ రాత ఉంది. కలెక్టర్ కళ్ళకి అది లోపం కిందే లెక్క. 50 అడిగినాయన మిమ్మల్ని మోసం చెయ్యలేదండి, మార్కెట్ రేటే అడిగాడు. నేనైనా 60, 70 మించి అడగను.

---

కాయిన్స్‌బాబాయ్ · మంగళవారం సాయంత్రం 4:52

నిజమే చెప్పావు గానీ కాస్త మెల్లిగా చెప్పాల్సింది నాయనా.

---

జలఉష · మంగళవారం రాత్రి 11:08

లేదు బాబాయ్ గారూ, చెప్పడమే మంచిదైంది. సాయంత్రం నుంచి దాన్ని చూస్తూనే కూర్చున్నా. 1500 అని ఎందుకు పెట్టానో నాకే అర్థంకాలేదు, ఏ లెక్కా లేదు దానికి. నాకు ఉష అని పేరు పెట్టింది ఆ ఓడని బట్టేనని చిన్నప్పుడు అందరికీ చెప్పేవారు, నేను సిగ్గుపడి "ఎవరైనా షిప్ పేరు పెడతారా నాన్నా" అని పోట్లాడేదాన్ని.

50 అడిగినాయన్ని అన్‌బ్లాక్ చేసి సారీ చెప్పా. "పర్లేదమ్మా, కవర్ ఇంకా ఉందా" అన్నాడు. లేదని చెప్పేశా.

---

జలఉష · శనివారం సాయంత్రం 6:35

అప్‌డేట్ అండి. వాచీ 4100 కి వెళ్ళింది. కొన్నది పాతికేళ్ళ కుర్రాడు, ఇంజనీరింగ్ పూర్తి చేశాడు, గీత ఎలా పడిందని అడిగాడు. స్కూటర్ కథంతా చెప్పించుకుని, అప్పుడు 400 తగ్గించమన్నాడు 😄 మొదట 4500 పెట్టా కదా, 4100 అన్నా, సరే అన్నాడు. తోమని కాయిన్లు తొమ్మిదీ బాబాయ్ గారు చెప్పిన మిత్రులు ఒకరు తీసుకున్నారు, వెండి రేటు మీద ఇంకాస్త ఇచ్చి. చింతపండు నాలుగూ కురుపాం మార్కెట్‌లో తూకానికి ఇచ్చేశా. పులి రూపాయి మా అబ్బాయి ఫ్రిజ్ మాగ్నెట్‌కి అతికించి పెట్టాడు, అది అమ్మకానికి లేదట.

అవి అమ్మకముందు ఒక డబ్బున్నాయన దుబాయ్ నుంచి 1912 వి రెండూ అడిగారు, మంచి రేటు చెప్పారు. పోస్టులో పంపొచ్చా అని అడుగుదామనుకుంటుంటేనే బాబాయ్ గారు ఫోన్లో కేకలేశారు, వందేళ్ళు దాటినవి 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు అని.

పోస్టల్_పిచ్చి గారూ, కవర్ ఫ్రేమ్ కట్టించాలనుకుంటున్నా. ఇంకా మరక పెరక్కుండా ఏం చెయ్యాలి? వెనక రాత కూడా కనబడాలి.

---

పోస్టల్_పిచ్చి · శనివారం రాత్రి 8:10

రెండువైపులా అద్దం పెట్టించండి. కవర్ అద్దానికి తగలకూడదు, మధ్యలో చుట్టూ అట్ట అంచు పెట్టమనండి, ఆసిడ్ లేని అట్ట అని గట్టిగా అడగండి, మామూలు అట్ట పెడితే అదే పసుపు చేస్తుంది. టేపు, గమ్ము అసలు వద్దు. ఎండ పడే గోడకీ, సముద్రం వైపు కిటికీ ఉన్న గోడకీ వెయ్యకండి. ఆ గోధుమ మరక చెరపడానికి ప్రయత్నించకండి.

---

గాజువాక_గడియారం · శనివారం రాత్రి 8:14

చింతపండు అస్సలు పెట్టీకండి

---

జలఉష · శనివారం రాత్రి 8:16

😂😂 పెట్టనండీ బాబూ